కారు రంగు మీద గీతలు, నెర్రెలు: ఏది రుద్దాలి, ఏది రుద్దకూడదు
(వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను ఏదైనా మాట్లాడమన్నప్పుడు, ఆసుపత్రి బిల్లుల గురించీ పెన్షన్ లెక్కల గురించీ చెప్పగలవారు మనలో చాలామంది ఉన్నారు, నాకు తెలిసింది రంగు పని ఒక్కటే అన్నాను. "అదే చెప్పండి. మన సభ్యుల్లో సగం మంది ఇళ్ళ ముందు కారుంది. దాని మీద గీతలూ ఉన్నాయి. ఎవరు ఏది చెబితే దానికి డబ్బు పోసి వస్తున్నారు" అన్నారు. ఆ చివరి మాట నిజం కాబట్టి ఒప్పుకున్నాను.

నేను 1974లో మన బాడీ షాపులో హెల్పరుగా చేరాను. లప్పం కలపడం, నీళ్ళ కాగితంతో రుద్దడం, డబ్బాలు కడగడం, ఇవే మొదటి మూడేళ్ళూ. తరవాత పెయింటరునయ్యాను. 2006లో రిటైరయ్యాక మా మేనల్లుడి డెంటింగ్, పెయింటింగ్ షెడ్డులో తొమ్మిదేళ్ళు కూర్చున్నాను. బస్సుల రంగు ఉద్యోగంలో నేర్చుకున్నాను, కార్ల రంగు ఆ షెడ్డులో నేర్చుకున్నాను. రెండూ ఒకటి కావని కూడా అక్కడే తెలిసింది.

మన దగ్గరున్న కార్లు ఎలా వచ్చినవో అందరికీ తెలుసు. కొందరు గ్రాట్యుటీ డబ్బుతో కొనుక్కున్నారు. కొందరికి పిల్లలు హైదరాబాదుకో, అమెరికాకో వెళ్ళిపోతూ "నాన్నా, మీరు వాడుకోండి" అని తాళాలు చేతికిచ్చారు. ఏదైనా సరే, అది పోతే మళ్ళీ కొనే వయసు కాదు మనది. అందుకే దాని మీద గీత పడితే మనసు అంతలా గిలగిల్లాడుతుంది. ఆ గిలగిల చూసే రంగుల బేరగాళ్ళు మన చుట్టూ తిరుగుతారు.

ముందుగా రంగు ఎంత మందం ఉంటుందో తెలియాలి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కారు రేకు మీద నాలుగు పొరలుంటాయి. అన్నిటికన్నా అడుగున, కారు బాడీ మొత్తాన్నీ తొట్టిలో ముంచి కరెంటు సాయంతో పట్టించే ప్రైమరు. ఇది సుమారు 20 మైక్రాన్లు. తుప్పు నుంచి కాపాడేది ప్రధానంగా ఇదే. దాని మీద సర్ఫేసరు, 30 లేక 35. దాని మీద అసలు రంగు, అంటే బేస్ కోటు. అది 15 మైక్రాన్ల చిల్లర మాత్రమే. అందరికన్నా పైన రంగులేని క్లియర్ కోటు, 40 నుంచి 50. మొత్తం కలిపి 100 నుంచి 130 మైక్రాన్లు అనుకోండి. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అంటే మీరు మురిసిపోయే ఆ మెరుపంతా వెంట్రుకకన్నా పల్చని ఒక్క పొరలో ఉంది. ఎండలోని అతినీల కిరణాలను అడ్డుకునే మందు కూడా ఆ పొరలోనే కలిపి ఉంటుంది.

ఇప్పుడు ఆలోచించండి. గీత పోవాలని మెషీను పెట్టి కాంపౌండుతో బఫింగ్ చేస్తే ఏమవుతుంది? గీత పూడదు. గీత చుట్టూ ఉన్న పొరను గీత లోతు దాకా అరగదీస్తారు. చుట్టూ నేల తగ్గితే గుంట కనబడనట్టు గీత కనబడదు. మెరుపు వస్తుంది. కానీ ఆ పూట కొన్ని మైక్రాన్ల క్లియర్ కోటు గుడ్డకు అంటుకుపోయింది. అది తిరిగి రాదు. పెన్షనర్ల భాషలో చెప్పాలంటే, మనం వడ్డీ తినడం లేదు, అసలులోంచి తీసుకుంటున్నాం. జీవితంలో రెండు మూడుసార్లు తీసుకోవచ్చు. ఏడాదికోసారి తీసుకుంటే ఖాతా ఖాళీ అవుతుంది.

మన సభ్యుల్లో ఒకరికి సరిగ్గా ఇదే జరిగింది. ఆయన అనుమతితోనే చెబుతున్నాను, పేరు చెప్పను. ఇంటికే వచ్చి పాలిష్ చేసే ఒక సంస్థవాళ్ళతో ఏడాది ఒప్పందం పెట్టుకున్నారు. మూడు నెలలకోసారి మెషీను బఫింగ్. నాలుగేళ్ళపాటు కారు అద్దంలా ఉంది. ఐదో వేసవిలో బానెట్ మీదా, టాపు మీదా తెల్లగా చర్మవ్యాధి మచ్చల్లా లేచింది. ఆ తరవాత ఉల్లిపొరలా ఊడింది. నాకు చూపిస్తే చేత్తో తడిమి చెప్పాను, దీనికి పాలిష్ లేదు, క్లియర్ కోటు ఐపోయింది, బానెట్టూ టాపూ మళ్ళీ వేయించాల్సిందేనని. డోర్లు బాగానే ఉన్నాయి. ఎందుకంటే ఎండ నిటారుగా పడేది బానెట్టూ టాపూ మీదే. ఎక్కువ రుద్దిందీ అక్కడే.

మన తరంవాళ్ళకు రుద్దే అలవాటు ఎక్కడినుంచి వచ్చిందో చెప్పాలి. ఇది కొంచెం పాత కథ. కార్లు కొత్తగా వచ్చిన రోజుల్లో వార్నిష్ లాంటి రంగులు ఆరడానికి రోజులూ వారాలూ పట్టేది. 1923లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ నైట్రోసెల్యులోజుతో త్వరగా ఆరే లాకరు తయారుచేసింది. పేరు డ్యూకో. జనరల్ మోటార్స్‌వారు ఓక్‌లాండ్ కార్లకు దాన్ని వాడారు. మన షెడ్డుల్లో ఇప్పటికీ ముసలి మేస్త్రీలు లాకరు పనిని "డుకో పని" అనడం విన్నారు కదా, ఆ మాట అక్కడిది. లాకరుకు స్ప్రే చేయగానే మెరుపు రాదు. నాలుగైదు కోట్లు కొట్టి, నీళ్ళ కాగితంతో రుద్ది, కాంపౌండు పెట్టి తోమితేనే వస్తుంది. కొన్నాళ్ళకు మాసిపోతే మళ్ళీ తోమాలి. అంబాసిడర్లూ ఫియట్లూ రీపెయింట్ చేయించుకున్నవాళ్ళ డ్రైవర్లు ఆదివారం పూట కాంపౌండు డబ్బా ముందేసుకుని కూర్చునేవారు, గుర్తుందా? అది ఆ రంగుకు తగిన సేవ. రంగు కింద కూడా రంగే ఉండేది కాబట్టి కొంత అరిగినా ఇబ్బంది లేదు. ఇప్పటి కార్ల మీద అదే సేవ చేస్తే హాని. పద్ధతి తప్పు కాదు, వస్తువు మారింది.

మీ కారు మీద ఉన్నది పాతరకం ఒకే పొర రంగా, క్లియర్ కోటు ఉన్న రంగా తెలుసుకోవడం తేలిక. కంటికి కనబడని మూల, డోరు కింది అంచు దగ్గర, తెల్లటి మెత్తని గుడ్డతో ఒక చుక్క పాలిష్ రుద్దండి. గుడ్డకు కారు రంగు అంటితే ఒకే పొర. అంటకపోతే పైన క్లియర్ ఉంది. తెల్లకారైతే ముదురు రంగు గుడ్డ తీసుకోండి, లేకపోతే ఏమీ తెలియదు.

ఇక గీతల సంగతి. గీతను చూసి కంగారుపడి చెయ్యి పెట్టే ముందు దాని లోతు తెలుసుకోవాలి. దీనికి మెషీన్లేవీ అక్కర్లేదు. కారు శుభ్రంగా కడిగి, నీడలో ఆరాక, గీత మీద నాలుగు చుక్కలు నీళ్ళు వేయండి. తడిలో గీత మాయమై, ఆరగానే మళ్ళీ కనబడితే అది క్లియర్ కోటు పైపైనే ఉంది. గీత అంచుల మీద వెలుగు చెదరడం వల్ల తెల్లగా కనబడుతోంది, అంతే. నీరు ఆ గుంటను నింపేసరికి చెదరడం ఆగింది. తరవాత గోరు పరీక్ష. గోటిని గీతకు అడ్డంగా, నొక్కకుండా లాగండి. తగలకపోతే చేతి పాలిష్‌తో పోతుంది, లేదా బాగా తగ్గుతుంది. గోరు తట్టుకుంటే అది లోతు గీత, బఫింగ్‌తో పోదు. పోగొడతామన్నవాడు మీ క్లియర్ కోటును మొత్తం తీసేస్తాడు. అడుగున తెల్లగానో బూడిదరంగులోనో కనబడితే ప్రైమరు దాకా వెళ్ళింది. మెరిసే లోహమో, గోధుమరంగు చారో కనబడితే ఇనుము దాకా వెళ్ళింది. దానికి మాత్రం ఆలస్యం పనికిరాదు, ముఖ్యంగా విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు ఉప్పుగాలిలో ఉండేవారికి.

ఎండలో నిలబెట్టినప్పుడు సూర్యుడి చుట్టూ సాలెగూడులా గుండ్రంగా గీతలు కనబడతాయి. అవి నిజంగా గుండ్రంగా ఉండవు. అన్ని దిక్కులకూ ఉన్న సన్నగీతల్లో, వెలుగుకు అడ్డంగా ఉన్నవి మాత్రమే మెరుస్తాయి కాబట్టి చుట్టలు చుట్టినట్టు కనబడతాయి. రాత్రి వీధి దీపం కింద చూసినా అంతే. ఇవి ఎవరో గిట్టనివాళ్ళు గీసినవి కావు. పొడిగుడ్డతో దుమ్ము తుడిచినందువల్ల వచ్చినవి. రోడ్డు దుమ్ములో ఇసుక ఉంటుంది. ఇసుక క్లియర్ కోటుకన్నా గట్టిది. రోజూ ఉదయం ఇసుకతో తోమిస్తూ నెలకింతని జీతం కూడా ఇస్తున్నామన్నమాట.

అపార్టుమెంట్లలో కార్లు తుడిచే కుర్రవాణ్ణి తిట్టకండి. ఒక్క బకెట్టు నీళ్ళతో పది కార్లు తుడిస్తేగాని అతనికి గిట్టుబాటు కాదు. మనమే రెండు శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డలు అతని చేతికిచ్చి, "బాబూ, మా కారు మీద ముందు నీళ్ళు పోసి దుమ్ము దించు, రోజూ వద్దు, వారానికి రెండుసార్లు చాలు" అని చెబితే వింటాడు. మా వీధిలో విన్నాడు. గుడ్డ నేలమీద పడితే ఆ రోజుకు దాన్ని వాడకూడదు. అది ఒక్కటి గుర్తుంచుకుంటే సగం గీతలు తగ్గుతాయి. దుమ్ము పట్టిన కారుకు కవరు తొడగడం కూడా ఇలాంటిదే. గాలికి కవరు ఊగుతుంటే రాత్రంతా లోపల రుద్దుడే.

మీరే కడుగుతామంటే రెండు బకెట్లు పెట్టుకోండి, ఒకటి షాంపూ నీళ్ళకు, ఒకటి గుడ్డ జాడించడానికి. పైనుంచి కిందికి రండి, చక్రాల దగ్గరి మట్టి ఆఖరున. బట్టల సబ్బుపొడి వాడవద్దు. గిన్నెల సబ్బు మైనపు పూతను దించేస్తుంది, మాటిమాటికీ వాడవద్దు. బోరునీళ్ళలో సున్నం ఎక్కువగా ఉండే ఊళ్ళవాళ్ళు ఎండలో కడగవద్దు. నీటిచుక్క ఆరి తెల్లటి వలయమై కూర్చుంటుంది, అది కాలితే పొరలోకి దిగుతుంది. పిట్ట రెట్ట కూడా అంతే. వేడికి రంగు పొర మెత్తబడి సాగుతుంది, సాయంత్రం చల్లబడి ముడుచుకునేటప్పుడు ఎండిన రెట్ట ఆకారాన్ని పట్టుకుంటుంది. గోకవద్దు. తడిగుడ్డ పది నిమిషాలు దానిమీద కప్పి ఉంచి, మెత్తబడ్డాక ఎత్తి తీసెయ్యండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. గీతకూ నెర్రెకూ తేడా ఉంది. గీత బయటినుంచి వచ్చిన దెబ్బ. నెర్రె లోపలినుంచి వచ్చిన రోగం. చెరువు ఎండినప్పుడు అడుగున బురద ఎలా బీటలు వారుతుందో చూశారు కదా. పల్చని బురద అంతగా చీలదు. మందంగా ఉన్నచోట, పైన ఆరి లోపల తడి మిగిలినచోట పెద్దపెద్ద బీటలు వస్తాయి. రంగూ అంతే. లప్పం మందంగా పెట్టినా, కింది కోటు ఆరకముందే తొందరపడి పైకోటు కొట్టినా, మెత్తటి పాత రంగు మీద గట్టి రంగు వేసినా, పైపొర ముడుచుకుంటుంటే కిందిపొర దాన్ని పట్టుకోలేదు. ఎండకు సాగడం, రాత్రికి ముడుచుకోవడం, ఇలా నాలుగైదు వేసవులు గడిచేసరికి చీలుతుంది. ఫ్యాక్టరీ రంగు నెర్రెలు వారడం బాగా వయసు మళ్ళిన కార్లలోనే చూశాను. వయసులో ఉన్న కారు మీద ఒక్క డోరుకు మాత్రమే నెర్రెలుంటే, ఆ డోరుకు ఒక గతం ఉంది.

ప్లాస్టిక్ బంపరుది వేరే లెక్క. దానికి గుద్దు తగిలితే వంగి మళ్ళీ యథాస్థానానికి వస్తుంది, రంగు మాత్రం నక్షత్రం ఆకారంలో చిట్లుతుంది. రీపెయింట్ చేసినప్పుడు సాగే గుణమున్న మందు కలపకపోతే మరీ త్వరగా చిట్లుతుంది. ప్లాస్టిక్ తుప్పు పట్టదు కాబట్టి, చూపుకు బాగాలేదన్న బాధ తప్ప తొందర లేదు.

రేకు మీది నెర్రెల్లో మాత్రం నీళ్ళు దిగుతాయి. కింద లప్పం ఉంటే స్పాంజిలా పీల్చుకుంటుంది. లోపల తుప్పు మొదలై, పైన పొక్కు లేచేదాకా మనకు తెలియదు. ఏ పాలిషూ, ఏ మైనమూ నెర్రెను మాన్పదు. నెర్రెలోకి పాలిష్ దిగి తెల్లటి గీతలై ఇంకా వికారంగా కనబడుతుంది. మందం పాలిష్‌తో పూడ్చి కనబడకుండా చేసేవారున్నారు. రెండుసార్లు కడిగితే బయటపడుతుంది. మీరు పాత కారు కొంటుంటే, యజమానిని అడిగి, స్పిరిటులో సగం నీళ్ళు కలిపి గుడ్డతో ఒక చోట తుడిచి ఎండలో చూడండి. పూడ్చినవి లేచి పలకరిస్తాయి.

నిరుడు మన సంఘ సభ్యుని భార్య ఒకావిడ ఫోను చేశారు. ఆయన పోయి అప్పటికి ఎనిమిది నెలలు. 2012 మోడలు కారు, ఆవిడకు డ్రైవింగ్ రాదు, పిల్లలు ఊళ్ళో లేరు. అమ్ముదామంటే బ్రోకరు వచ్చి చూసి, "రంగంతా నెర్రెలు పట్టిందమ్మా, బాడీ మొత్తం రీపెయింట్ చేయిస్తే తప్ప కదలదు, ఆ ఖర్చు తగ్గించి ఇస్తాను" అని 45 వేలు కోసి ధర చెప్పాడు. "అన్నయ్యగారూ, ఒకసారి చూడండి, ఆయన చేత్తో తుడుచుకున్న కారు" అన్నారావిడ.

వెళ్ళాను. నా సంచిలో ఎప్పుడూ ఉండే చిన్న అయస్కాంతానికి పల్చటి గుడ్డ చుట్టి, కారు చుట్టూ తిరిగాను. రంగు కింద రేకు ఉంటే గట్టిగా అంటుకుంటుంది. లప్పం మందంగా ఉన్నచోట పట్టు తగ్గుతుంది, మరీ మందమైతే జారి పడిపోతుంది. ప్లాస్టిక్ మీదా, అల్యూమినియం మీదా ఈ పరీక్ష పనికిరాదు. ఎడమవైపు ముందు మడ్‌గార్డు మీదా, దాని వెనక డోరు సగం మీదా అయస్కాంతం నిలవలేదు. నెర్రెలున్నదీ సరిగ్గా అక్కడే. "ఎప్పుడైనా దెబ్బ తగిలిందా అమ్మా?" అని అడిగితే, 2016లో ఆటో రాసుకుపోయిందనీ, ఎక్కడో బాగుచేయించారనీ చెప్పారు. నొక్కు సరిగా తీయకుండా లప్పంతో పూడ్చారన్నమాట. మిగతా కారు మీద ఉన్నవి నెర్రెలు కావు, దుమ్ముతుడుపు గీతలు. నీళ్ళు చల్లితే మాయమయ్యాయి. బ్రోకరు రెండింటినీ కలిపి ఒకే రోగంగా చూపించాడు.

చేసిన పని ఇది. ఆ రెండు భాగాల మీద పాత రంగూ లప్పమూ రేకు దాకా తీయించాం. నొక్కును వెనకనుంచి తట్టి లేపించాం. ప్రైమరు, అవసరమైనచోట మాత్రం పల్చగా లప్పం, సర్ఫేసరు, రంగు, క్లియర్. ప్రతి కోటుకూ ఆరే సమయం ఇవ్వమని మేస్త్రీ పక్కనే కూర్చున్నాను. మూడు రోజులు పట్టింది. మిగతా కారు కడిగి, సన్నపాటి పాలిష్‌తో చేత్తో ఒక్కసారి తుడిపించాం. మొత్తం 10 వేల లోపు ఐంది. మొత్తం రీపెయింట్ వద్దని నేను ఎందుకన్నానంటే, ఫ్యాక్టరీలో రంగును సుమారు 140 డిగ్రీల వేడిలో కాలుస్తారు. సీట్లూ, వైర్లూ, ప్లాస్టిక్కూ బిగించిన కారును ఏ బూత్‌లోనూ అంత వేడి చేయలేరు, 60 డిగ్రీల దగ్గర ఆపాలి. వేరే రకం రంగులు వాడి మెరుపు తెస్తారు, బాగా చేస్తే చాలా ఏళ్ళు ఉంటుంది, కాదనను. కానీ బాగున్న ఫ్యాక్టరీ పొరను గీకిపారేసి దాని చోట రెండో రకం పొర ఎక్కించుకోవడం దేనికి? పైగా మొత్తం కొత్త రంగు చూస్తే, కొనేవాడికి ఈ బండి ఏ ప్రమాదంలోంచి వచ్చిందోనన్న అనుమానం కూడా వస్తుంది.

కారు కొనడానికి ఒక టీచరుగారు వచ్చారు. మడ్‌గార్డూ డోరూ రంగు వేయించామనీ, ఎందుకు వేయించామో, 2016 సంగతీ ఆవిడే ముందు చెప్పారు. రంగు తీసినప్పటి ఫొటోలు చూపించారు. చెప్పకపోతే ఏమయ్యేదమ్మా అని వాళ్ళబ్బాయి ఫోనులో అన్నాడట. చెప్పడం వల్ల ధర కొంత తగ్గింది, బ్రోకరు కోసినంత మాత్రం కాదు. దానికి నేను లెక్క చెప్పను, అది ఆవిడ ఇంటి విషయం.

ఇన్సూరెన్సు గురించి ఒక్క మాట. చిన్న గీతకు క్లెయిము పెట్టే ముందు నో క్లెయిం బోనస్ ఎంత ఉందో చూసుకోండి. క్లెయిములు లేకుండా మొదటి ఏడాదికి 20 శాతంతో మొదలై ఐదేళ్ళకు 50 శాతం దాకా పెరుగుతుంది. మూడు వేల రంగు పనికి క్లెయిము పెట్టి ఆ బోనస్ పోగొట్టుకుంటే, పోయినదే ఎక్కువ కావచ్చు. కాగితం మీద కూడిక, తీసివేత చేసుకుని నిర్ణయించుకోండి. కారు రంగు పూర్తిగా మార్చాలనుకుంటే మాత్రం ఆర్.టి.ఓ. ఆఫీసులో చెప్పి ఆర్.సి.లో మార్పించుకోవాలి. లేకపోతే అమ్మేటప్పుడు తిరగాల్సి వస్తుంది.

రాతిదెబ్బ తగిలి ఇనుము కనబడే చిన్న మచ్చకు ఇంట్లోనే చేసుకోగల పని ఉంది. కారు రంగు సంకేతం డోరు తీస్తే కనబడే స్తంభం మీదో, బానెట్ కింద పలక మీదో ఉంటుంది. దాని ప్రకారం టచప్ సీసా దొరుకుతుంది. మచ్చలోని తుప్పును సన్నకాగితం ముక్కను పుల్లకు చుట్టి తీసెయ్యండి. స్పిరిటుతో తుడవండి. ప్రైమరు ఒక చుక్క. ఆరాక రంగు, పళ్ళపుల్ల కొనతో, పల్చగా, రెండు మూడుసార్లు, మధ్యలో ఆరనిస్తూ. ఒకేసారి బొట్టు పెట్టినట్టు పెడితే అదే మళ్ళీ నెర్రె అవుతుంది. దగ్గరనుంచి చూస్తే మచ్చ కనబడుతుంది. కనబడనివ్వండి. తుప్పు ఆగింది కదా.

ఒక హెచ్చరిక. హార్డెనరు కలిపే రెండు భాగాల రంగులను, అంటే టూ-కె అంటారే వాటిని, ఇంట్లో స్ప్రే చేయవద్దు. వాటిలో ఐసోసైనేట్లుంటాయి, ఊపిరితిత్తులను పట్టుకుంటాయి, ఆస్తమా తెస్తాయి. మామూలు గుడ్డ మాస్కు ఆపదు. అలాగే పాతకాలపు బండి రంగును పొడిగా గీకవద్దు. పాత రంగుల్లో సీసం ఉండేది. మనవళ్ళు తిరిగే వరండాలో ఆ దుమ్ము లేవకూడదు. నీళ్ళతో తడిపి రుద్దించండి, బయట. మా రోజుల్లో ముక్కుకు తువ్వాలు కట్టుకుని పని చేశాం. నాతో చేరినవాళ్ళలో దగ్గుతో బాధపడుతున్నవాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు.

ప్రశ్నల చీటీలు వచ్చాయి, కొన్నిటికి జవాబు చెబుతాను.

పళ్ళపేస్టుతో గీతలు పోతాయా అని ఒకరు అడిగారు. పేస్టులో సన్నపాటి సుద్దలాంటి పొడి ఉంటుంది కాబట్టి మరీ పైపై గీతలు తగ్గుతాయి. కానీ కార్ల కోసం చేసిన పాలిష్ సమానంగా రుద్దుతుంది, పేస్టు రుద్దదు. పేస్టు పళ్ళకే ఉంచండి, ఉన్నవాళ్ళు.

కిరోసిన్ గుడ్డతో తుడిస్తే మెరుస్తుంది కదా అని మరొకరు. మెరుస్తుంది. అది నూనె తడి. సాయంత్రానికి దుమ్మంతా దానికి అంటుకుంటుంది, మర్నాడు దాన్ని తుడిస్తే గీతలు.

సిరామిక్ కోటింగ్ గురించి నాలుగు చీటీలు ఉన్నాయి. అది ఒకటి రెండు మైక్రాన్ల పూత. నీళ్ళు జారిపోతాయి, మట్టి తేలిగ్గా వదులుతుంది, కడగడం సులువు. 9 హెచ్ గట్టిదనం అని చెప్పేది పెన్సిలు గీతల కొలత, వజ్రంతో పోలిక కాదు. రాతి దెబ్బ ఆపదు, నెర్రెను మాన్పదు. పైగా పూసే ముందు బఫింగ్ చేస్తారు, అంటే అసలులోంచి తీస్తారు. కొత్త కారు కొన్న మీ అబ్బాయి వేయించుకుంటానంటే వేయించుకోనివ్వండి. పదేళ్ళ కారుకు నేనైతే వేయించను. నాలుగు నెలలకోసారి మంచి మైనం చాలు. బ్రెజిల్‌లో దొరికే తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసే కర్నూబా మైనం కలిసినవి బాగుంటాయి. పీపీఎఫ్ అనే పారదర్శకమైన ఫిల్ము రాతి దెబ్బను కొంత ఆపుతుంది, మందంగా ఉంటుంది కాబట్టి. ఖరీదు ఎక్కువ. సరిగా పట్టని రీపెయింట్ మీద అతికిస్తే, తీసేటప్పుడు రంగుతో సహా వస్తుంది.

ఆఖరి చీటీ ఒక బామ్మగారిది. మనవడు గులకరాయితో కారు డోరు మీద "అ", "ఆ" రాశాడట, తాతగారు రంగు వేయిస్తానంటున్నారు, ఆవిడకు చెరపడం ఇష్టం లేదట. ఇందాక టీ విరామంలో వెళ్ళి చూసి వచ్చాను. "అ"కు గోరు తగలడం లేదు, దానికి ప్రమాదం లేదు. "ఆ" దీర్ఘం దగ్గర మాత్రం పిల్లవాడు బలంగా నొక్కాడు, గోధుమరంగు కనబడుతోంది. ఆ దీర్ఘం వరకు తుప్పు తీసి, ఒక చుక్క ప్రైమరూ పైన క్లియరూ వేస్తే అక్షరం అలాగే ఉంటుంది. వానలు మొదలయ్యేలోగా చేయించండి. టచప్ సీసా తెచ్చుకుంటే వచ్చే నెల సమావేశానికి నా పుల్లలు నేను తెస్తాను.